నాలుగు పేజీల కథ, గంటన్నర సినిమా

కిందటి సంవత్సరం దీపావళి సంచికలో మేము వ్రాసిన కథ ఒకటి మన పత్రికలో అచ్చయింది. పాఠకులలో కొందరికి జ్ఞాపకం ఉండవచ్చు. లేకపోయినా మాకేమీ కష్టం లేదు. నాలుగు పేజీల కథ. ముసలి అటెండరు ఒకడు పింఛను కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతాడు. తాంబూలం నములుతూ కూర్చున్న గుమాస్తా, చేయి తడిస్తేగాని ఫైలు కదపడు. చివరకు ముసలివాడు ఆఫీసు వరండాలో బెంచీమీదనే ప్రాణం విడుస్తాడు. ఉగాదినాడు సంఘం హాలులో ఇద్దరు ముగ్గురు అమ్మగార్లు మమ్మల్ని నిలబెట్టి, "చదువుతూంటే కళ్ళ నీళ్ళు తిరిగాయండీ" అన్నారు. మేమూ పొంగిపోయాము.

"మేము" అంటే మేమొక్కరమే. పత్రికకు వ్రాసేటప్పుడు "నేను" అనడానికి మాకు మొదటినుంచీ కలం సాగదు. ఆఫీసులో నోటు వ్రాసి వ్రాసి పట్టుబడిన గుణం కాబోలు. అక్కడ "పరిశీలించడమైనది", "తిప్పి పంపడమైనది" అని ఉంటుందేగాని, ఎవరు పరిశీలించారో, ఎవరు తిప్పి పంపారో ఉండదు.

మొన్న వేసవిలో ఒక సాయంకాలం మన సంఘంలోని కుర్రవాళ్ళు ఇద్దరు మా యింటికి వచ్చారు. ఒకడు ఉద్యోగం చేస్తున్నాడు, రెండోవాడికి ఇంకా చదువు పూర్తికాలేదు. వాళ్ళ అమ్మలను మేము అక్కా అని పిలుస్తాము కనుక వాళ్ళకు మేము మామయ్యం. "మీ కథను సినిమా తీస్తాము మామయ్యా" అన్నారు. ఈ మధ్య అందరూ తీస్తున్న పది నిమిషాల ముక్క కాబోలు అనుకున్నాము. కాదట. పూర్తి సినిమా, గంటన్నర. పాటలు లేవు, ఫైట్లు లేవు, స్టారు లేడు, నిర్మాత అసలే లేడు. కెమేరా ఒకడిది, డబ్బు ఇద్దరిదీ, చాలకపోతే మేనమామలది. ఈ చివరి మాట మా వంక చూస్తూ అన్నారు.

మేము గుమాస్తాలం కనుక ముందు కాగితం సంగతి ఎత్తాము. ఇది మన పత్రికకు కథలు పంపే ఇతరులకు కూడా పనికివస్తుందని ఇక్కడ వ్రాస్తున్నాము. కథ పత్రికలో అచ్చయినంత మాత్రాన దాని సినిమా హక్కు పత్రికకు పోదు. రచయిత వ్రాసి, సంతకం చేసి ఇస్తేనే పోతుంది, నోటిమాట చెల్లదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, ఆ కాగితంలో గడువు వ్రాయకపోతే అయిదేళ్ళని, ఏయే దేశాలకో వ్రాయకపోతే భారతదేశానికి మాత్రమేనని లెక్క. రచయిత పోయిన తరువాత 60 ఏళ్ళు ఆ హక్కు వారసులది. ప్రేమచంద్ గారు 1936లో పోయారు కనుక ఆయన కథలను ఇప్పుడు ఎవరైనా తీసుకోవచ్చు. కన్నడ రచయిత పూర్ణచంద్ర తేజస్వి గారు 2007లో పోయారు; ఆయన కథ కావాలంటే ఇంటివాళ్ళ సంతకం కావలసిందే. మా కథను మేము మూడేళ్ళ గడువుకు, నూట పదహారు రూపాయలకు వ్రాసి ఇచ్చాము. మా అమ్మ సాక్షి సంతకం చేసింది. ఆ నూట పదహార్లూ అప్పుడే తీసుకున్నాము. అరువు పెడితే ఆ కాగితం నిలవదని మా భయం.

అసలు చిక్కు ఆ తరువాత మొదలయింది. స్క్రీన్‌ప్లే ఒక పేజీ అంటే తెరమీద ఇంచుమించు ఒక నిమిషం అని సినిమావాళ్ళది ఒక మోటు లెక్క. మా నాలుగు పేజీల కథను ఎంత సాగదీసినా పది నిమిషాలు దాటడం లేదట. మిగిలిన ఎనభై నిమిషాలూ ఎక్కడినుంచి తేవాలి? పిల్లలు ఒక నోటుపుస్తకం తీశారు. అందులో మా గుమాస్తాను గురించి ప్రశ్నలు వ్రాసుకుని వచ్చారు. అతని కాపురం ఎక్కడ? మధ్యాహ్నం డబ్బాలో ఏం తెచ్చుకుంటాడు? ముసలాయన ఎదురుగా నిలుచున్నప్పుడు అతని చేతులు ఏం చేస్తూ ఉంటాయి? లంచం తీసుకుంటే ఆ డబ్బు ఏం చేసుకున్నాడు? మా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. "అదంతా కథకు అనవసరం నాయనా" అన్నాము. "కథకు అనవసరమే మామయ్యా, కెమేరాకు అవసరం" అన్నాడు చిన్నవాడు.

నవలను సినిమా చేసేటప్పుడు పని కత్తెరది. అయిదు వందల పేజీలలో ఏది వదలాలన్నదే బాధ. కథ సంగతి అట్లా కాదు. గుడ్డ చాలదు, అతుకు వేయాలి. ఆ అతుకు ఎక్కడినుంచి తెచ్చి వేశారన్న దానిమీదనే అంతా ఉంది. సామాన్యంగా మన సినిమాలలో ఈ అతుకు బజారునుంచి వస్తుంది: ఒక హాస్యగాడు, ఒక మేనకోడలు, ఒక జాతర. పిల్లలు ఆ పని చేయరని తెలుసు. అయితే ఇంకెక్కడినుంచి తెస్తారు? ఈ ప్రశ్న పట్టుకుని మేము రెండు నెలలు వాళ్ళతోపాటు సినిమాలు చూచాము. మా వయస్సులో ఇంత సినిమా ఎప్పుడూ చూడలేదు.

మొదట ప్రేమచంద్. ఒక్క 1977లోనే ఆయన కథలు రెండు సినిమాలుగా వచ్చాయి, ఇద్దరు బెంగాలీలు తీసినవి. సత్యజిత్ రాయ్ "శతరంజ్ కే ఖిలాడీ" తీశారు. లక్నోలో చదరంగం పిచ్చిలో మునిగిన ఇద్దరు జాగీర్దార్ల కథ అది. అవధ్ రాజ్యం ఇంగ్లీషువాళ్ళ పాలవుతూంటే వీళ్ళు ఆట వదలరు. రాయ్ గారు అతుకు చరిత్రనుంచి తెచ్చారు. నవాబు వాజిద్ అలీ షాను, రెసిడెంటు ఔట్రమ్‌ను తెరమీదికి తెచ్చి, ఇంటిలోని ఆటకు జోడుగా రాజ్యంలోని ఆటను నడిపించారు. ఇంకొక పని కూడా చేశారు. కథ చివర ఆ మిత్రులిద్దరూ కత్తులు దూసుకుని ఒకరినొకరు చంపుకుంటారు. సినిమాలో చావరు. పిస్తోలు పేలుతుంది గాని ప్రాణం పోదు; మళ్ళీ ఆటకు కూర్చుంటారు. చావుకంటె ఆ కూర్చోవడమే ఎక్కువ సిగ్గుగా ఉంది చూడడానికి. ఈ మాట మా బుర్రలో ఒక మూల పడి ఉండిపోయింది. ఎందుకో తరువాత చెబుతాము.

రెండోది మన భాషలోనే. మృణాళ్ సేన్ గారు "కఫన్" కథను "ఒక ఊరి కథ" అని తెలుగులో తీశారు. ఆయనకు తెలుగు రాదు. ఉత్తర హిందుస్థానపు పల్లెను తెలంగాణ పల్లె చేశారు. మూలకథలో తండ్రీ కొడుకులు గుడిసె ముందర మంట దగ్గర కూర్చుని, ఎవరి చేలోనో తవ్వి తెచ్చిన దుంపలు కాల్చుకుని తింటూ ఉంటారు. లోపల కోడలు పురిటి నొప్పులు పడుతూంటుంది. నేను లోపలికి పోతే తండ్రి దుంపలన్నీ తినేస్తాడేమోనని కొడుకుకు అనుమానం. తెల్లవారేసరికి ఆమె పోతుంది. గుడ్డ కొనడానికి అడుక్కున్న డబ్బుతో ఇద్దరూ తాగుతారు. అంతే కథ. ఆ పిల్ల మనకు ఒక మూలుగు తప్ప ఇంకేమీ కాదు.

సేన్ గారు వెనక్కి నడిచారు. ఆమె చావుకు ముందు ఏముంది? పెళ్ళి ఉంది, ఆ ఇంటికి రావడం ఉంది, కూలికి వెళ్ళి గింజలు తెచ్చి ఆ కొంపను ఒక కొంప చేద్దామని చూడడం ఉంది. అందుచేత సినిమాలో ఆమెకు నీలమ్మ అని పేరుంది, మమతా శంకర్ ముఖముంది, కోపముంది. చేసినా ఆకలే, చేయకపోయినా ఆకలే, చేస్తే లాభం దొరకు; కనుక పని చేయనే చేయనని భీష్మించుకున్న మామ ఎదుట నిలబడి మాట్లాడుతుంది. కథలో చనిపోయినదానికంటె సినిమాలో చనిపోయినప్పుడు ఎక్కువ నష్టమయింది మనకు. ఆ సంవత్సరపు తెలుగు చిత్రాలలో దానికి జాతీయ బహుమానం వచ్చింది. మామ వేషం వేసినది కన్నడ నటుడు వాసుదేవరావు గారు. అంతకు రెండేళ్ళ క్రితం "చోమన దుడి"లో చోముడుగా దేశంలో ఉత్తమ నటుడనిపించుకున్నవాడు.

ఇట్లా భాషలు దాటి పనిచేయడం ఆ రోజులలో మామూలే కాబోలు. దీనికి ముందు ఏడు, 1976లో, సేన్ గారు తీసిన "మృగయా" ఒడియా రచయిత భగవతీచరణ్ పాణిగ్రాహి గారి "శికార్" కథనుంచి వచ్చింది. ఒడిశాలో ఉన్న మన పాఠకులకు ఈ సంగతి మాకంటె బాగా తెలుస్తుంది. ఇక మన బెంగళూరు సంగతి చెప్పాలంటే, కన్నడంలో ఈ కొత్త బాటకు మొదటి గునపం వేసిన మనిషి నెల్లూరువాడు. "ఫిడేలు రాగాల డజన్" వ్రాసిన కవి పట్టాభిరామిరెడ్డి గారే అనంతమూర్తి గారి "సంస్కార" నవలను 1970లో సినిమా తీశారు. సెన్సారు మొదట అడ్డుపెట్టింది. తరువాత అదే ఆ ఏటి దేశపు ఉత్తమ చిత్రమయింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడుకునే మనవంటివాళ్ళకు ఇది చెప్పుకోదగ్గ మాటే. అయినా అది నవల. మా పిల్లలకు కావలసినది కథ.

ఆ కథ తేజస్వి గారి దగ్గర దొరికింది. కువెంపు గారి కుమారుడైన తేజస్వి గారు చిక్కమగళూరు జిల్లా మూడిగెరెలో కాఫీ తోట చేసుకుంటూ, ఫోటోలు తీసుకుంటూ, కథలు వ్రాసుకుంటూ బ్రతికిన మనిషి. ఆయన "అబచూరిన పోస్టాఫీసు" కథను ఎన్. లక్ష్మీనారాయణ్ గారు 1973లోనే సినిమా తీశారు. "తబరన కథె"ను గిరీశ్ కాసరవళ్ళి గారు తీశారు. అది 1986 సంవత్సరానికి దేశంలో ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం పుచ్చుకుంది. కాసరవళ్ళి గారు మందుల చదువు చదివి, హైదరాబాదులో తర్ఫీదుకు చేరి, అది నడుమ వదిలి పుణే సినిమా బడికి పోయినవారు. హైదరాబాదులో ఆయన నిలిచిపోయి ఉంటే మందుల కంపెనీలకు ఒక మనిషి దక్కేవాడు, మనకు ఈ సినిమా దక్కేది కాదు.

చిన్న కథల దగ్గరకు ఆయన మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. నలుపు తెలుపులలో తీసిన "ఘటశ్రాద్ధ" అనంతమూర్తి గారి కథ. దాన్ని బాగుచేసి 2024లో వెనిస్ ఉత్సవంలో మళ్ళీ చూపించారు. 2008లో తీసిన "గులాబి టాకీస్" వైదేహి గారి కథనుంచి వచ్చింది. కథలో ఉన్నది చిన్న ఊరి సినిమా కొట్టాయి; ఆయన దాన్ని తీసివేసి, ఇంటిమీద డిష్ పెట్టి టీవీ తెచ్చుకున్న మంత్రసానిని పెట్టారు. ఇట్లా మారిస్తే రచయితలకు కోపం రాదా అని అడిగాము. సంతకం పెట్టి నూట పదహారు తీసుకున్న తరువాత కోపం తెచ్చుకోకూడదు మామయ్యా అన్నారు.

"తబరన కథె"ను మా యింట్లోనే చూచాము. పిల్లలు ల్యాప్‌టాప్ తెచ్చి బల్లమీద పెట్టారు. మా అమ్మకు కన్నడం బాగా వచ్చు, పుట్టింది కోలారు దగ్గర. కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.

తబరశెట్టి మలెనాడులోని చిన్న ఊరి ఉద్యోగి. తెల్లదొరల రోజులలో కొలువుకు చేరినవాడు. గవర్నమెంటు అంటే అతనికి దేవుడితో సమానం. ఉద్యోగం చివరి రోజులలో కాఫీ తోటలవాళ్ళ దగ్గర పన్ను వసూలు చేసే పని మీద పడింది. పెద్దవాళ్ళు కట్టరు, లెక్క తేలదు, తేలని లెక్క అతని పేర నిలుస్తుంది. లెక్క తేలితేగాని పింఛను లేదు. ఇంట్లో భార్య అప్పికి కాలిమీద పుండు, చక్కెర జబ్బు, పుండు మానదు, కుళ్ళు పైకి పాకుతుంది. కాలు తీయించాలి, దానికి డబ్బు కావాలి, డబ్బు పింఛనులో ఉంది, పింఛను ఫైలులో ఉంది. చేతకాక, కాలు నరకమని కసాయివాడినే అడగడానికి పోతాడు. పింఛను వచ్చేసరికి అప్పి లేదు.

చారుహాసన్ గారు తబరుడు. తమిళనాటి వకీలు, ఈ వేషానికి ఆయనకు దేశపు ఉత్తమ నటుడి బహుమానం వచ్చింది. నటించాడని అనడానికి మాకు మాట రాలేదు. ఆ నిలబడడం మేము ప్రతి సోమవారం చూస్తాము. బల్లకు రెండడుగుల దూరంలో, పూర్తిగా ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు, కాగితాల సంచీని రెండు చేతులతో పట్టుకుని.

ఇక్కడ మాకు ఒక సంగతి తట్టింది. "ఆరు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు" అని కథకుడు ఒక్క వాక్యంలో వ్రాసేయవచ్చు. మేమూ అట్లాగే వ్రాశాము. సినిమాకు ఆ వాక్యం లేదు. తిరిగాడంటే ఆఫీసు కనపడాలి. ఆఫీసుకు తలుపుండాలి, తలుపు లోపల బల్ల ఉండాలి, బల్ల వెనక మనిషి ఉండాలి, ఆ మనిషికి ముఖం ఉండాలి. ఇన్ని ముఖాలు చూపించి కూడా కాసరవళ్ళి గారు వాళ్ళలో ఒక్కడిని పట్టుకుని ఇదుగో వీడే దుర్మార్గుడని మనకు ఒప్పచెప్పలేదు. అందరూ రూలు ప్రకారం చేసేవాళ్ళే. రేపు రమ్మనేవాళ్ళే. సినిమాకు కావలసిన అతుకంతా ఆయనకు ఆ ఆఫీసులలోనే దొరికింది, బయటికి పోనక్కరలేకపోయింది.

సినిమా అయిపోయాక చాలాసేపు ఎవరూ లేవలేదు. అప్పుడు మా అమ్మ అన్నది: "మీ నాన్న పోయినప్పుడు నా పింఛను కాగితాలకు తొమ్మిది నెలలు తిరిగానురా. ఆ సెక్షను పిల్లవాడు చాలా మంచివాడు. నేను వెళ్ళగానే కుర్చీ వేయించి చల్లని నీళ్ళు ఇప్పించేవాడు. ఇచ్చి, 'నాళె బన్ని అమ్మా' అనేవాడు. నీ కథలో ఉన్నట్టు తాంబూలం నమిలేవాడు, చేయి చాచేవాడు నాకు ఎక్కడా కనపడలేదు."

పిల్లలు నోటుపుస్తకం తీశారు. మేము కాఫీ నెపంతో లేచి లోపలికి పోయాము.

మా తండ్రిగారు ఉద్యోగంలో ఉండగానే పోయారు. ఆ కారణంగానే మాకు ఈ గుమాస్తా ఉద్యోగం వచ్చింది. మెట్రిక్యులేషను చదువుకు అంతకంటె రాదు. అమ్మ తొమ్మిది నెలలు తిరిగిన కథ తెలిసి కూడా, 2013లో మేము ఒక ముసలాయనను పద్నాలుగు నెలలు తిప్పాము. అటెండరుగా పనిచేసి రిటైరయినాయన. సర్వీసు పుస్తకంలో సెలవుల లెక్కకు, పాత ఆఫీసునుంచి వచ్చిన సెలవుల రిజిస్టరుకు పదకొండు రోజుల తేడా. అంతే. మూడుసార్లు ఫైలుమీద అభ్యంతరం వ్రాసి తిప్పి పంపాము. ఒక్క పైసా పుచ్చుకోలేదు, అడగలేదు. మా పక్క బల్ల ఆయన అంతకుముందే ఇట్లాంటి తేడాను పోనీలే అని సంతకం పెట్టి, ఆడిటులో దొరికి, ఆరు నెలలు జీతంలోంచి కోత పెట్టించుకున్నాడు. మాకు భయం. పాత ఆఫీసుకు బస్సులో పోయి, ఆ రిజిస్టరు స్వయంగా చూస్తే ఒక పూటలో తేలిపోయే సంగతి. మేము పోలేదు, ఉత్తరాలు వ్రాశాము. ఉత్తరం వ్రాస్తే మన బల్లమీద పని పూర్తి అయినట్టు లెక్క. ఆయన ప్రతి సోమవారం వచ్చేవాడు. మేమూ కుర్చీ చూపించేవాళ్ళమే. మేమూ "నాళె బన్ని" అనేవాళ్ళమే.

ఆయన బెంచీమీద చనిపోలేదు. పద్నాలుగు నెలల తరువాత పింఛను మంజూరయింది. ఆ మరుసటి సోమవారం వచ్చాడు. సంచీలోనుంచి పావు కిలో మైసూరుపాకు పొట్లం తీసి మా బల్లమీద పెట్టాడు. "మీరు చాలా శ్రమ తీసుకున్నారు సార్" అని చేతులు జోడించాడు. వెక్కిరింత కాదు. నిజంగానే అన్నాడు. మేము ఆ పొట్లం విప్పి సెక్షనులో అందరికీ పంచి, మేమూ ఒక ముక్క తిన్నాము.

కథలో మేము వ్రాయనిది ఇదీ. తాంబూలం, లంచం, చావు, ఇవన్నీ ఆ మైసూరుపాకును కప్పడానికి వేసిన గుడ్డలు. నాలుగు పేజీలలో కప్పడం సులభం. గంటన్నరలో కెమేరా చేతుల దగ్గరకు వస్తుంది, డబ్బా దగ్గరకు వస్తుంది, ఏం చేశాడు, ఎందుకు చేశాడు అని అడుగుతుంది. కప్పడానికి గుడ్డ చాలదు.

కాఫీ తెచ్చి వాళ్ళ ముందర పెట్టి అంతా చెప్పాము. పెద్దవాడు వ్రాసుకోవడం మానేసి విన్నాడు. చిన్నవాడు కాసేపటికి, "అయితే ఆయన చావడు మామయ్యా, స్వీటు తెస్తాడు" అన్నాడు. మాకు రాయ్ గారి జాగీర్దార్లు, చావకుండా మళ్ళీ ఆటకు కూర్చోవడం గుర్తుకు వచ్చాయి. అమ్మ ఏమీ అనలేదు. లోటాలో నీళ్ళు తెచ్చి మా చేతికి ఇచ్చింది.

అప్పటినుంచి పని చురుగ్గా సాగుతున్నది. స్క్రీన్‌ప్లే డెబ్భై పేజీలు దాటింది. మా గుమాస్తాకు ఇప్పుడు ఇల్లుంది, విధవతల్లి ఉంది, డబ్బాలో చిత్రాన్నం ఉంది, ఆడిటు భయం ఉంది. సంఘం హాలు వెనక గది ఆఫీసవుతుంది. బీరువాలు రెండు దొరికాయి. పాత ఫైళ్ళ కోసం సంఘం లెక్కల పుస్తకాలు అడిగితే కోశాధికారిగారు ఒప్పుకోలేదు. కెమేరా అంకెలను పట్టేస్తుందని ఆయన భయం. ఖర్చులో పెద్ద పద్దు భోజనాలేనని తేలింది. పదిమంది పన్నెండు రోజులు పనిచేస్తే ఎన్ని పూటలో లెక్కవేసి, సంఘంలోని అక్కయ్యలు వంతులవారీగా వండడానికి ఒప్పుకున్నారు. హాలులో మనవాళ్ళకు చూపించుకోవడం ఒకటి, టిక్కెట్టు పెట్టి థియేటరులో ఆడించడం ఒకటి; రెండోదానికి సెన్సారు సర్టిఫికెట్టు తప్పదని పిల్లలకు ముందే చెప్పాము. ఆ దరఖాస్తు మేము నింపుతామని కూడా చెప్పాము.

గుమాస్తా వేషం మమ్మల్నే వేయమన్నారు. వల్లకాదన్నాము. ముఖం వేరేవాడిది పెడతాం, చేతులు మాత్రం మీవి కావాలన్నారు. ఫైలుకు నాడా కట్టే తీరు ఇంకెవరికీ రావడంలేదట. ఒప్పుకున్నాము.

ఒక్క పని మిగిలింది. చట్టం ప్రకారం కథకుడి సంతకం ఉంటే చాలు, అది మేము ఇచ్చాము. కాని ఆ సోమవారాలు మావి మాత్రమే కావు గదా, ఆయనను అడగవద్దా అన్నది అమ్మ. నిజమే. ఆయన ఉండే వీధి మాకు తెలుసు, మల్లేశ్వరం అవతల. వచ్చే ఆదివారం వెళతామన్నాము. ఆ ఆదివారం వర్షం. తరువాతి ఆదివారం పెళ్ళి. మూడో ఆదివారం పిల్లలు వచ్చి వెళ్ళారా అని అడిగితే, "రేపు" అని మా నోటివెంట వచ్చింది. అమ్మ మా వంక చూచింది. ఆ సాయంకాలమే బస్సు ఎక్కాము.

ఇల్లు తాళం వేసి ఉంది. భార్యాభర్తలిద్దరూ మైసూరులో కొడుకు దగ్గరకు వెళ్ళారనీ, ఎప్పుడు వస్తారో తెలియదనీ పక్కింటి ఆవిడ చెప్పింది. చీటీమీద మా పేరు, ఆఫీసు పేరు, ఫోను నంబరు వ్రాసి ఆవిడ చేతికి ఇచ్చాము. రాగానే ఇస్తానన్నది. షూటింగు ఆయన మాటకోసం ఆపి ఉంచాము. ఇది అచ్చుకు పోయే నాటికి కబురు రాలేదు.